మిరప కాయకుళ్లు శిలీంధ్రానికి డీఎన్‌ఏతో పేరు పెట్టే ముందు

మిరపలో కాయకుళ్లు తెచ్చే కొలెటోట్రైకమ్ అనే శిలీంధ్ర ప్రజాతిలో చాలా జాతులున్నాయి. బూజు రంగు, సిద్ధబీజాల ఆకారం చూసి వాటిని విడదీయడం కష్టం. సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ అక్షరాల వరుస చదవడం) చేయించి పేరు పెట్టే ముందు ఇవి చూసుకోండి.

• ఒకే సిద్ధబీజం నుంచి ల్యాబ్‌లో పెంచిన శిలీంధ్రం (కల్చర్) మాత్రమే వాడండి. ఒకే మచ్చలో రెండు జాతులు ఉండొచ్చు.

• ఐటీఎస్ అనే డీఎన్‌ఏ భాగం ఒక్కటే చాలనుకోవద్దు. 2012లో దాన్ని శిలీంధ్రాల బార్‌కోడ్‌గా (జాతిని గుర్తించే ప్రామాణిక డీఎన్‌ఏ ముక్కగా) ప్రతిపాదించిన మాట నిజమే. కానీ కొలెటోట్రైకమ్‌లోనే గ్లియోస్పోరియాయిడిస్ అనే గుంపులో దగ్గరి జాతులను అది విడదీయలేదు. జీఏపీడీహెచ్, బీటా ట్యుబ్యులిన్, ఏపీమ్యాట్ అనే డీఎన్‌ఏ భాగాలు కూడా చదివించండి. ఖర్చు పెరుగుతుంది, అయినా ఇక్కడ పొదుపు వద్దు. ఒక్కో భాగానికి విడిగా వంశవృక్షం గీసి, అన్నీ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూశాకే ఆ సీక్వెన్సులను కలపండి.

• పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కకి ఎన్నో నకళ్లు తీసే పద్ధతిలో) డీఎన్‌ఏ వేయని ట్యూబ్ ఒకటి తప్పనిసరి. అందులో బ్యాండ్ (జెల్‌పై డీఎన్‌ఏ ఉందని చూపే గీత) వస్తే ఆ ఫలితాలన్నీ పక్కన పెట్టి మళ్లీ చేయాలి.

• జెన్‌బ్యాంక్ అనే డీఎన్‌ఏ సీక్వెన్సుల భాండాగారంలో 99 శాతం పోలిక కనబడగానే పేరు రాసేయకండి. అక్కడ తప్పు పేర్లతో ఉన్న సీక్వెన్సులు చాలానే ఉన్నాయి. టైప్ స్ట్రెయిన్‌తో (ఆ జాతి పేరుకి ఆధారమైన మూల నమూనాతో) పోల్చండి. పాత పుస్తకాల్లో కొలెటోట్రైకమ్ కాప్సిసి అని ఉన్న జాతిని ఇప్పుడు కొలెటోట్రైకమ్ ట్రంకేటమ్ అంటున్నారు, ఆ మార్పు గుర్తుంచుకోండి.

• అదే కల్చర్‌ని ఆరోగ్యంగా ఉన్న కాయకు ఎక్కించి, తెగులు వస్తుందో లేదో చూడండి.