లాంటానాను వేరుతో తీసే పద్ధతి

అడవిని కమ్మేసే ముళ్ళపొద లాంటానాను కొడవలితో నరికితే పోదు. మొదట్లో ఉన్న ముడి నుంచి అంతకు రెట్టింపు చిగుళ్ళు తన్నుకొస్తాయి. పులికంప అన్నా తలంబ్రాల చెట్టు అన్నా ఇదే. దాన్ని ఎలా తెంచాలో శాస్త్రం చెబుతుంది. ఎక్కడ, ఎందుకు పెరిగిందో అడవిలో పుట్టి పెరిగినవాళ్ళకు తెలుసు.

అందుకే పార పట్టేముందు పెద్దలతో కలిసి అడవిలో నడవండి. కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్ట అడవుల్లో ఉండే సోలిగ గిరిజనులు వెనకటికి, రాలిన ఆకు ఎండే తొలి రోజుల్లోనే చిన్న మంట పెట్టేవారు. దాన్ని ‘తరగు బెంకి’ అంటారు. నేలబారున పాకే ఆ మంటకు లాంటానా మొలకలు చచ్చేవి, గడ్డి కొత్తగా లేచేది. అభయారణ్యం వచ్చి మంట ఆగాకే కంప పెరిగిందని వాళ్ళ మాట. శాస్త్రవేత్తలు అక్కడ 1997లోనూ 2008లోనూ లెక్కలు తీస్తే, ఈ పదకొండేళ్ళలో లాంటానా సుమారు రెట్టింపు మేర పాకినట్టు తేలింది.

నల్లమలలో చెంచు పెద్దలనైనా ఇవే అడగండి: ఏ గడ్డి ఎక్కడ ఉండేది, కంప ఎటునుంచి వచ్చింది, పిట్టలు ఏ చెట్లమీద ఎక్కువ వాలతాయి. ఆ తర్వాత 5 మీటర్ల చదరపు గడులు పదో పన్నెండో గీసి, గడికెన్ని దుబ్బులున్నాయో రాసిపెట్టండి. ఈ లెక్క లేకపోతే మూడేళ్ళ తర్వాత వాదనే మిగులుతుంది. అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి. సామూహిక అటవీ హక్కులున్న ఊరైతే గ్రామసభ తీర్మానం చేయించండి.

కంప పల్చగా ఉన్న అంచున మొదలుపెట్టండి. అక్కడ అడవి మొక్కలు ఇంకా బతికే ఉంటాయి, తీసిన చోటును అవే కమ్ముకుంటాయి. దట్టమైన చోట మొదలుపెడితే కూలి అంతా అక్కడే కరిగిపోతుంది, ఈలోపు అంచు ముందుకు జరుగుతుంది.

ఇక కోత. ఢిల్లీ విశ్వవిద్యాలయ పర్యావరణ శాస్త్రవేత్త సి.ఆర్. బాబు బృందం ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అభయారణ్యంలో పాటించిన పద్ధతి ఇది. తొలకరికి నేల మెత్తబడ్డాక, కాయ పండకముందు చేయాలి. తోలు గ్లౌజులు వేసుకుని దుబ్బు మొదట్లో మట్టిని పక్కకు తోయండి. పలకలు దేరిన ముళ్ళకాడలన్నీ వచ్చి చేరేచోట మొద్దులాంటి ముడి కనిపిస్తుంది. చిగుళ్ళు పుట్టేది అక్కడే. దాని దిగువన, నేలమట్టానికి 3 నుంచి 5 సెం.మీ. లోతున, తల్లివేరును పొడవు కర్ర ఉన్న పారతో తెంచండి. ముడి ఏ కాస్త మట్టిలో మిగిలినా పని వృథా. తెగిన దుబ్బును ఎత్తి, వేరు ఆకాశంకేసి ఉండేలా తలకిందులుగా పెట్టండి. తడినేలకు ఆనిన కాడ మళ్ళీ వేరు పడుతుంది కాబట్టి వానల్లో బండలమీద కుప్ప వేయడం మేలు. లావు కాడల్ని పారేయనక్కర్లేదు. మలె మహదేశ్వర కొండల్లో సోలిగలు వాటిని ఉడకబెట్టి, బెరడు ఒలిచి కుర్చీలు అల్లుతున్నారు.

జేసీబీ మాత్రం వద్దు. మట్టి తిరగబడితే అందులో దాగిన గింజలన్నీ ఒక్కసారిగా మొలుస్తాయి.

ఎక్కువమంది దెబ్బతినేది ఆ తర్వాతే. పండు తిన్న పిట్టలు చెట్టుమీద వాలి గింజ రాలుస్తాయి. పెద్దలు చూపిన ఆ చెట్ల కింద, వానాకాలమంతా పదిహేను రోజులకోసారి మొలకల్ని చేత్తో పీకాలి. కనీసం మూడేళ్ళు. ఖాళీ అయిన నేలలో ఆ వానలకే అక్కడి గడ్డి గింజలు చల్లండి, లేకపోతే వయ్యారిభామ అనే మరో కలుపు వచ్చి కూర్చుంటుంది.

తరగు బెంకి గురించి విన్నాం కదా అని కంప ఉండగా నిప్పు పెట్టకండి. దట్టమైన లాంటానా నిచ్చెనలాగా మంటను చెట్ల కొమ్మలదాకా ఎక్కిస్తుంది, పైగా కాలిన మొదలు మళ్ళీ చిగురిస్తుంది. సోలిగలు మంట పెట్టింది గడ్డి ఉన్న అడవిలో. మీ అడవిలోనూ ముందు కంప పోవాలి, గడ్డి రావాలి. అప్పుడు అటవీశాఖ ఒప్పుకుంటే, ఏ రోజు, ఏ గాలికి అన్నది పెద్దలు చెప్పాలి, ఎన్ని మొలకలు చచ్చాయో ఆ గడుల్లోనే లెక్కపెట్టాలి.