ఇంట్లో చిన్న కుక్కల ఈత – నాలుగవ పాఠం: నొప్పుల రాత్రి, పాలిచ్చే మూడు వారాలు

గత పాఠం చివర ఒక పని అప్పగించాను. క్రాసింగ్ జరిగిన తేదీలను గోడ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని, మొదటి తేదీ నుంచి 57వ రోజును, చివరి తేదీ నుంచి 72వ రోజును చుట్టి ఉంచమన్నాను. ఈ రెండు గుర్తుల మధ్య ఏ రోజైనా కుక్క ఈనవచ్చు. అండం విడుదలైన నాటి నుంచి లెక్కిస్తే 63 రోజులకు ఒకటి అటూ ఇటూ అంతే. కానీ మగకుక్క వీర్యం ఆడకుక్క కడుపులో చాలా రోజులు బతికి ఉంటుంది, అండం పక్వానికి రావడానికి కొంత సమయం పడుతుంది. అందుకే మనకు తెలిసిన క్రాసింగ్ తేదీ ఒకటి, అసలు గర్భం నిలిచిన రోజు మరొకటి అవుతాయి.

ఈ పాఠాన్ని కుక్క చూలు కట్టాక కాకుండా కట్టకముందే చదవండి. నొప్పుల రాత్రి ఏమేం జరగవచ్చో తెలిశాక కూడా నా కుక్కకు పిల్లలు కావాలని మీకు అనిపిస్తే, ఆ కోరిక వెనుక మీ దగ్గర డబ్బు, తీరిక, వాహనం, డాక్టరు ఉన్నాయో లేవో చూసుకోండి. నాలుగింట్లో ఒక్కటి లేకపోయినా గర్భసంచి ఆపరేషన్ చేయించడమే ఆ ప్రాణికి మీరు చేయగల మేలు. ఒక్కసారైనా తల్లి కాకపోతే ఆడకుక్కకు జబ్బు చేస్తుందనే మాట మన ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది. అది నిజం కాదు.

ఇక పాఠంలోకి వద్దాం. మొదటి పనిముట్టు థర్మామీటరు. మామూలు డిజిటల్ థర్మామీటరు చాలు. మొనకు కాస్త కొబ్బరినూనె రాసి, తోక పైకి పట్టుకుని, మలద్వారంలో రెండు సెంటీమీటర్లకు మించకుండా పెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్క వేడి 101 నుంచి 102 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. ఈతకు 12 నుంచి 24 గంటల ముందు అది 99 కంటే కిందికి పడిపోతుంది. ఆ తగ్గుదల కొన్ని గంటలు మాత్రమే ఉండి మళ్లీ పైకి వస్తుంది. రోజుకు ఒక్కసారి చూస్తే అది మన కంట పడకుండానే దాటిపోవచ్చు. కాబట్టి 56వ రోజు నుంచి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడుసార్లు చూసి నోటు పుస్తకంలో రాయండి. పడిపోయి 24 గంటలు దాటినా నొప్పులు మొదలుకాకపోతే ఇంకా ఎదురుచూడకండి, డాక్టరుకు ఫోన్ చేయండి.

రెండోది ఎక్స్‌రే. 55 రోజులు దాటాక పిల్లల ఎముకలు స్పష్టంగా కనబడతాయి, తలలు లెక్కపెట్టవచ్చు. ఇది అనవసరపు ఖర్చని చాలామంది అనుకుంటారు. లోపల ఎన్ని ఉన్నాయో తెలియకపోతే ఈత పూర్తయిందో, ఒకటి అడ్డుపడి ఆగిపోయిందో ఎలా చెబుతారు? చిన్న జాతుల్లో ఈ లెక్క మరీ ముఖ్యం. వాటికి ఒకటో రెండో పిల్లలే ఉండటం మామూలు. ఒక్కటే ఉంటే ఆ ఒక్కటీ బాగా పెరిగి, తల్లి కటి ఎముకల మధ్య నుంచి రాలేకపోతుంది. నొప్పులు మొదలుకావడానికి సంకేతం వెళ్లాల్సింది కడుపులోని పిల్లల నుంచే. ఒంటరి పిల్ల ఇచ్చే సంకేతం ఒక్కోసారి చాలదు, గడువు దాటిపోతుంది. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో పిల్లల తలే పెద్దది. వాటి విషయంలో సిజేరియన్ తప్పదన్న సిద్ధపాటుతోనే ఉండాలి.

ఈత పెట్టె గురించి క్లుప్తంగా చెబుతాను. తల్లి కాళ్లు చాపుకుని పడుకునేంత పొడవు, పిల్లలు దాటలేనంత అంచు ఉన్న అట్టపెట్టె సరిపోతుంది. అడుగున వార్తాపత్రికలు, పైన ఉతికి ఆరబెట్టిన పాత నూలు చీర ముక్కలు. మనకు వరంగల్ కొత్తవాడ జంపఖానాలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి కాబట్టి పాతది ఒకటి మడిచి వేయాలనిపిస్తుంది. వేయకండి. అంచు దారాల్లో పిల్లల కాళ్లు చిక్కుకుంటాయి, తడిసిన జంపఖానా తొందరగా ఆరదు. పెట్టెను ఈతకు పది రోజుల ముందే ఇంట్లో సందడి లేని మూలన పెట్టి, తల్లిని అందులో పడుకోవడానికి అలవాటు చేయండి.

డాక్టరు విషయం మాత్రం ఈతకు వారం ముందే తేలిపోవాలి. మీ డాక్టరు రాత్రి రెండు గంటలకు ఫోన్ ఎత్తుతారా? ఆయన దగ్గర సిజేరియన్ చేసే సదుపాయం ఉందా, ఎంతవుతుంది? ఆయన ఊళ్లో లేకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి? వరంగల్ పక్కనే మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. అక్కడ ఏ వేళల్లో వైద్యులు చూస్తారో స్వయంగా వెళ్లి కనుక్కోండి. పరకాల, నర్సంపేట, ములుగు వైపు ఉండేవారు గడువు దగ్గరపడ్డాక హనుమకొండలో చుట్టాల ఇంట్లో ఉండే ఏర్పాటు చేసుకోగలిగితే ఇంకా మంచిది. అర్ధరాత్రి ఆ దారిలో వాహనం దొరకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనవసరం లేదు.

ఇప్పుడు నొప్పులు. మొదటి దశలో కుక్క గుడ్డలు గీరుతుంది, రొప్పుతుంది, వణుకుతుంది, తిండి మానేస్తుంది, కొన్ని వాంతి చేసుకుంటాయి. ఇది 6 నుంచి 12 గంటలు నడుస్తుంది. తొలిచూలుదైతే పూర్తి రోజు కూడా పట్టవచ్చు. ఈ సమయంలో మన పని దగ్గర కూర్చోవడమే. ఇరుగుపొరుగు పిల్లలను పిలిచి చూపించడం, ఫోనులో వీడియోలు తీయడం వద్దు. భయపడితే నొప్పులు ఆగిపోతాయి.

రెండో దశలో పొట్ట బిగబట్టి ముక్కడం కంటికి కనిపిస్తుంది. ఇక్కడి నుంచి గడియారం మీ చేతిలో ఉండాలి. గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా పిల్ల రాకపోతే డాక్టరు దగ్గరికి బయలుదేరండి. ఆగి ఆగి నీరసంగా ముక్కుతుంటే రెండు గంటలు. లోపల ఇంకా పిల్లలున్నాయని ఎక్స్‌రేలో తెలిసి, ఒక పిల్లకూ మరో పిల్లకూ మధ్య రెండు గంటలు దాటినా అంతే. మొదటి పిల్ల ఇంకా రాకముందే ముదురు ఆకుపచ్చ ద్రవం కారితే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. మాయ గర్భసంచి నుంచి విడిపోయిందని, లోపలి పిల్లకు ప్రాణవాయువు అందడం లేదని దాని అర్థం. మొదటి పిల్ల పుట్టాక కనిపించే అదే ఆకుపచ్చ రంగు సహజం. పిల్ల వెనక కాళ్లతో వస్తే హడలిపోకండి, కుక్కల్లో నూటికి 40 పిల్లల దాకా అలాగే వస్తాయి.

ఒక హెచ్చరిక. పాడి గేదెలకు పాలు చేపడానికి కొందరు పొడిచే ఆక్సిటోసిన్ సూదిని నొప్పులు పెరుగుతాయని కుక్కలకు వేసేవాళ్లున్నారు. పిల్ల అడ్డం పడి ఉన్నప్పుడు ఆ సూది వేస్తే గర్భసంచి చిట్లిపోవచ్చు, లోపలి పిల్లలు ఊపిరాడక చనిపోవచ్చు. ఆ మందు వేయాలా, ఎంత వేయాలి అన్నది పరీక్ష చేసిన డాక్టరు ఒక్కరే చెప్పాలి.

పిల్ల బయటికి రాగానే తల్లి ఉమ్మనీటి పొరను చింపి నాకుతుంది. ఒక నిమిషంలో ఆ పని చేయకపోతే మీరే పొరను ముక్కు దగ్గర చింపి, మూతి తుడిచి, పొడి తువాలుతో వీపు మీద గట్టిగా రుద్దండి. ఏడుపు వినిపించే దాకా రుద్దండి. పిల్లను తలకిందులుగా పట్టుకుని విసిరినట్టు ఊపే పాత పద్ధతి మెదడుకు దెబ్బ, దాన్ని మరచిపోండి. బొడ్డును పొట్టకు రెండు సెంటీమీటర్ల దూరంలో మరిగించిన దారంతో ముడివేసి, ముడి అవతల కత్తిరించి, కొసకు అయోడిన్ మందు అద్దాలి. ప్రతి పిల్లకూ ఒక మాయ ఉంటుంది. ఎన్ని పడ్డాయో రాసుకోండి, లోపల మిగిలిపోతే చీము పడుతుంది. తల్లి ఒకటి రెండు తింటే తిననివ్వండి, అన్నీ తింటే విరేచనాలవుతాయి.

పుట్టిన పిల్ల తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు, మొదటి వారంలో దానికి వణుకు కూడా రాదు. పెట్టెలో 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. డిసెంబరు చలిలో వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక పక్కనే ఉంచండి. వేడి ఎక్కువైతే పిల్ల పాక్కుంటూ రెండో పక్కకు పోగలగాలి. మే నెలలో మన దగ్గర కష్టం ఇందుకు తిరగబడుతుంది, అయినా కూలర్ గాలి నేరుగా పెట్టె మీదికి రాకూడదు. చల్లబడిన పిల్లకు పాలు పట్టకండి. దాని పేగులు పనిచేయవు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు మీ ఒంటికి ఆనించుకుని నెమ్మదిగా వెచ్చబరచండి, ఆ తర్వాతే ముర్రుపాలు. మొదటి 24 గంటలు దాటితే ఆ పాలలోని రక్షణ పిల్ల ఒంటికి పట్టదు.

వంటింటి డిజిటల్ త్రాసు ఇక్కడ డాక్టరంత పని చేస్తుంది. రోజూ ఒకే వేళకు తూచండి. మొదటి రోజు కాస్త తగ్గినా, ఆ తర్వాత ప్రతిరోజూ పెరగాలి. పదో రోజుకు పుట్టినప్పటి బరువుకు రెట్టింపు దగ్గరికి రావాలి. వరుసగా రెండు రోజులు పెరగని పిల్లకు ఏదో జరుగుతోంది. పిల్ల చూడ్డానికి బాగానే ఉన్నా త్రాసు మాటే నమ్మండి.

ఇక్కడితో గండం గడిచిందని అందరం అనుకుంటాం. నేనూ అనుకున్నాను. మా మల్లి వరంగల్‌లో అందరూ పామేరియన్ అని పిలిచే తెల్ల కుక్క, నిజానికి ఇండియన్ స్పిట్జ్. బరువు ఆరు కిలోలు లేదు. నాలుగు పిల్లలను ఏ ఇబ్బందీ లేకుండా ఈనింది. పద్దెనిమిదో రోజు, మే నెల. పొద్దున్నే పిల్లల దగ్గరి నుంచి లేచి వచ్చి గది అంతా తిరగడం మొదలుపెట్టింది. ఫ్యాను కింద కూడా రొప్పుతోంది, ముఖాన్ని నేలకేసి రుద్దుతోంది. వడదెబ్బ అనుకుని తడిగుడ్డ కప్పాను. పది గంటలకల్లా నాలుగు కాళ్లూ కర్రల్లా బిగుసుకుపోయాయి. నడవబోయి పక్కకు ఒరిగిపోయింది. చెయ్యి వేస్తే చర్మం కింద కండలు బియ్యం చెరిగినట్టు అదురుతున్నాయి. థర్మామీటరు 106 చూపించింది.

ఆటోలో డాక్టరు దగ్గరికి చేరాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “చూలుతో ఉన్నప్పుడు కాల్షియం పట్టారా?” పట్టాను. ఎముకల బలానికి మంచిదని ఎవరో చెబితే, నెల రోజులు పూటకో చెంచా పట్టాను. ఆయన ముంగాలి నరంలోకి కాల్షియం మందును బొట్టు బొట్టుగా ఎక్కిస్తూ, రెండో చేత్తో స్టెతస్కోపును గుండె మీద నుంచి తీయకుండా కూర్చున్నారు. వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఇరవై నిమిషాలకు అదురు తగ్గింది. బల్ల మీద తల ఎత్తి నా వైపు చూసింది.

ఎందుకిలా జరిగిందో అర్థం చేసుకోండి. గొంతు దగ్గరున్న చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు రక్తంలో కాల్షియం తగ్గినప్పుడల్లా ఎముకల నుంచి తెప్పిస్తాయి. చూలు కాలంలో బయటి నుంచి ధారాళంగా అందితే అవి ఆ పని మానేస్తాయి. ఈనాక పాలలోకి ఒక్కసారిగా కాల్షియం పోవడం మొదలైతే, అవి వెంటనే మేల్కొనలేవు. ఒళ్లు చిన్నది, పిల్లలు ఎక్కువ, పాలు బాగా తాగే రెండు నుంచి నాలుగు వారాల కాలం. ఈ మూడూ కలిసినప్పుడు ప్రమాదం ఎక్కువ. కాబట్టి చూలు కాలంలో కాల్షియం టానిక్ వద్దు. చివరి మూడు వారాలు, పాలిచ్చినంత కాలం కుక్కపిల్లల కోసం తయారయ్యే మేత పెట్టండి, అందులో కాల్షియం సరైన పాళ్లలో ఉంటుంది. మూడు పూటలా పెరుగన్నంతో పాలిచ్చే తల్లి నిలవలేదు. రొప్పడం, పిల్లలను వదిలి తిరగడం, అదురు, వీటిలో ఏది కనిపించినా ముందు పిల్లలను వేరుచేసి, ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి. మా పిల్లలకు ఒక పగలూ రాత్రీ మూడు గంటలకోసారి కుక్కపిల్లల పాలపొడి కలిపి సీసాతో పట్టాం. తర్వాత కూడా రోజులో కొంతసేపే తల్లి దగ్గరికి వదిలాం.

నియమాల గురించి రెండు మాటలు. కుక్కపిల్లలను అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. తల్లికి 18 నెలలు నిండాలి, ఏడాదికి ఒక్క ఈతే, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నెల పిల్లనే ఇమ్మని అడిగేవాళ్లు మీ గుమ్మంలోకి వస్తారు, ముద్దుగా ఉన్నప్పుడే కావాలంటారు. వాళ్లకు ఏమని జవాబు చెప్పాలో, నులిపురుగుల మందు, టీకాలు ఎప్పుడెప్పుడో వచ్చే పాఠంలో చూద్దాం.

అప్పటిదాకా అభ్యాసం. మీ కుక్క చూలుతో లేకపోయినా ఏడు రోజులపాటు మూడుపూటలా వేడి చూసి రాయండి. ఏడో రోజు రాత్రి పదకొండు గంటలకు ఇంటి నుంచి డాక్టరు దగ్గరికి ఒకసారి బండి మీద వెళ్లి, ఎన్ని నిమిషాలు పట్టిందో అదే పేజీ కింద వేయండి.