దూకుడుగా పందెం వేసేవాడి ముందు కాల్ చేయాలా, ముక్కలు పడేయాలా?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచీ అమెరికా నుంచీ దిగే కొడుకులూ అల్లుళ్లూ మా డెల్టా అరుగుల మీదకి హోల్డెమ్ పోకర్ తెచ్చారు. అందులో మనిషికి రెండు ముక్కలు, మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు: ముందు మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర ఒకటి (రివర్), ప్రతి చోటా ఓ పందెం. పందెం వేయడం నేర్పారు గానీ, ముక్కలు ఎప్పుడు పడేయాలో ఎవరూ నేర్పలేదు. దాంతో ప్రతి ఊళ్లోనూ ఒకడు తయారయ్యాడు. చేతిలో ఉన్నా లేకపోయినా పిక్కలు కుప్పగా తోస్తాడు. ఎదుటివాడికి పౌరుషం వస్తుంది. "ఊరికే ఊదుతున్నాడు బావా, చూసేద్దాం" అంటాడు, చూస్తాడు, పోతాడు. భీమవరం వైపు చూసినా, రాజోలు వైపు చూసినా ఇదే వరస. దీన్ని లెక్కతో ఎలా తేల్చాలో చెబుతాను.

కావలసినవి

ఒక పేక, జోకర్లు తీసేసి. మనిషికి 200 చింతపిక్కలు. ఒక చాప. ఆరుగురికి మించి కూర్చోకూడదు. ప్లాస్టిక్ చిప్స్ వద్దు. రంగుకో విలువ పెట్టుకుంటారు, రెండో గంటకి ఏ రంగు ఎంతో ఎవరికీ గుర్తుండదు. పకోడీ పళ్లెం చాప మీదకి రాకూడదు. నూనె మరక పడ్డ ఆసుని వెనక నుంచి కూడా గుర్తుపట్టేస్తారు.

డబ్బు పెట్టకండి. 1974 నాటి గేమింగ్ చట్టం మన రాష్ట్రంలో ఉంది, 2020లో దాన్ని ఇంకా బిగించారు. ఫోన్లో డబ్బుతో ఆడే ఆటల్ని 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం దేశమంతా ఆపేసింది. పిక్కలతో ఆడినా లెక్క అదే.

మొదట ధర చూడండి

ఇది తేలిక. కాల్ చేయడానికి, అంటే అతని పందెంతో సమానం చేయడానికి, మీరు పెట్టాల్సిన పిక్కల్ని, మీరు పెట్టాక పాట్‌లో (మధ్యలో పడ్డ పందేల కుప్పలో) ఉండే మొత్తంతో భాగించండి. పాట్‌లో 80 ఉంటే అతను 40 వేశాడు. మీరు 40 పెడితే మొత్తం 160. అంటే నాలుగోసారికి ఒకసారి గెలిచినా మీకు నష్టం లేదు. అతను పాట్ అంత, 80 వేస్తే మూడింట ఒకసారి గెలవాలి. పాట్‌కి రెట్టింపు వేస్తే నూటికి 40 సార్లు గెలవాలి. ఈ మూడూ నోటికి వచ్చేస్తే చాలు.

అప్పటిదాకా మీరు పెట్టింది ఈ లెక్కలోకి రాదు. రమ్మీ ఆడినవాళ్లకి ఇది మింగుడు పడదు. రమ్మీలో మొదటే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40 పాయింట్లు పడతాయి కాబట్టి, దిగడానికి ఎప్పుడూ ఒక జరిమానా ఉంటుందని అలవాటైపోయారు. పోకర్‌లో ఇప్పుడు పడేస్తే ఇక ముందు పోయేది సున్నా. "ఇంతదాకా పెట్టాం కదండీ" అనే మాట నా చాప మీద నిషేధం.

మూడు ముక్కలాట నుంచి వచ్చినవాళ్లది ఇంకో జబ్బు. అక్కడ ఇద్దరే మిగిలితే డబ్బు కట్టి షో అడుగుతారు, ఆట అక్కడితో సరి. హోల్డెమ్‌లో టర్న్ దగ్గర కాల్ చేస్తే షో రాదు, రివర్ దగ్గర ఇంకో పందెం రావచ్చు, అది తరచూ ముందుదానికంటే పెద్దది. టర్న్ దగ్గర కాల్ చేసే ముందే రివర్ పందెం ఎంత ఉంటుందో ఊహించుకుని, దాన్ని కూడా మోయగలరో లేదో చూసుకోండి. మోయలేకపోతే టర్న్ దగ్గరే పడేయండి.

అతని దూకుడు ఎక్కడిదాకా?

చాలామంది దూకుడుగాళ్లు ఫ్లాప్ దగ్గర వేస్తారు, టర్న్ దగ్గర వేస్తారు, ఇంకా ఎవరూ ముక్కలు పడేయకపోతే రివర్ దగ్గర చల్లబడతారు. అలాంటివాడు మూడోసారి కూడా పెద్దగా వేశాడంటే చేతిలో సరుకుంది. నోరు పెద్దదైనంత మాత్రాన రివర్ దగ్గర బ్లఫ్ చేస్తాడని (ఖాళీ చేతులతో బెదిరిస్తాడని) కాదు. ముక్కలు తిప్పినప్పుడు ఏం కనిపించిందో అదే చూడండి: రివర్‌లో పెద్ద పందెం వేసి, కాల్ చేస్తే ఖాళీ చేతులు తిప్పాడా? రెండు మూడుసార్లు చూశారా? చూడలేదంటే వాడు మీరనుకుంటున్న దూకుడుగాడు కాడు.

మీరు వేసిన పందెం మీద రివర్‌లో రెయిజ్ చేశాడా, అంటే ఇంకా పెంచాడా? ఇంటి ఆటల్లో అది బ్లఫ్ కాదు, చేతిలో సరుకుంది. పడేయండి. దీని మీద నాతో వాదించకండి.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు: చేతులు లెక్కపెట్టడం

"బ్లఫ్ అయి ఉండొచ్చు" అనుకోవడం లెక్క కాదు. ఏ చేతులతో, అంటే ఏ రెండు ముక్కలతో బ్లఫ్? అవి ఎన్ని? మిమ్మల్ని ఓడించే చేతులు ఎన్ని? రెండూ సంఖ్యలుగా చెప్పగలగాలి.

ఒక చేయి తీసుకుందాం. మీ దగ్గర ఇస్పేటు రాజు, ఇస్పేటు జాకీ. బల్ల మీద (అంటే మధ్యలో అందరికీ) ఆటీను రాజు, ఆటీను తొమ్మిది, కళావరు నాలుగు, డైమను రెండు, ఇస్పేటు ఏడు. అతను మూడుసార్లూ వేశాడు. రివర్‌లో పాట్ 80, అతని పందెం 80. మూడింట ఒకసారి గెలవాలి మీరు.

ముందు మిమ్మల్ని ఓడించేవి: ఇద్దరికీ రాజుల జతే అయితే పక్క ముక్క పెద్దదైనవి, రెండు జతలు, బల్ల మీది ముక్కతో మూడయ్యే జతలు. మిగిలిన రాజులు రెండే, ఎందుకంటే ఒకటి బల్ల మీద, ఒకటి మీ చేతిలో. ఆసులు నాలుగు. కాబట్టి ఆసు–రాజు 8 రకాలుగా రావచ్చు. రాజు–రాణి కూడా 8. తొమ్మిదుల జత 3 రకాలు, నాలుగుల జత 3, రెండుల జత 3, మొత్తం 9. ఒకే రంగు రాజు–తొమ్మిది డైమనులో ఒకటి, కళావరులో ఒకటి. అంతా కలిపి 27. రాజుల జత, ఏడుల జత లాంటివి ఇంకా ఉన్నాయి గానీ అరుగు మీద కూర్చుని ఇంతకంటే సన్నగా లెక్కేస్తే పక్కవాళ్లు లేచిపోతారు.

ఇప్పుడు తప్పిపోయిన ఆటీనులు, అంటే అయిదూ ఒకే రంగు (ఫ్లష్) కావాలని చూసి నాలుగు ఆటీనుల దగ్గరే ఆగిపోయిన చేతులు. ఆటీను ఆసుతో ఇంకో ఆటీను: రాజు, తొమ్మిది బల్ల మీదున్నాయి కాబట్టి 10 రకాలు. పక్కపక్క ముక్కలు కూడా లెక్కేయండి: రాణి–జాకీ, రాణి–పది, జాకీ–పది, పది–ఎనిమిది, ఎనిమిది–ఏడు, ఏడు–ఆరు, ఆరు–అయిదు, అయిదు–నాలుగు. ఇవి 8. మొత్తం 18. వీటిలో కొన్నిటికి చిన్న జత పడిందనుకోండి, అయినా మీ రాజుల జతే పెద్దది.

మిమ్మల్ని ఓడించే 27 చేతులకి కనీసం 14 బ్లఫ్‌లు ఉంటేనే మీ కాల్‌కి ధర గిట్టుతుంది. 18 ఉన్నాయి కదా అని తోసేయకండి! ఆగండి. ఆ 18 చేతులూ అతని దగ్గర ఉండే అవకాశం ఉంది, సరే. వాటన్నిటితోనూ రివర్‌లో 80 పిక్కలు వేస్తాడా? అన్నిటితోనూ వేసేవాడైతే 45లో 18, నూటికి 40. కాల్. సగమే వేసి సగం చెక్ చేసేవాడైతే (పందెం వేయకుండా వదిలేసేవాడైతే) 36లో 9, నూటికి 25. పడేయండి. ముక్కలు అవే, పందెం అదే. మారింది మనిషి. ఇందాక రివర్ అలవాటు చూడమన్నది ఈ ఒక్క అంకె కోసమే.

ఇక్కడ జనం చేసే అసలు తప్పు ఏమిటంటే, ఓడించే చేతులు లెక్కపెట్టేటప్పుడు పిసినారులు, బ్లఫ్‌లు లెక్కపెట్టేటప్పుడు ధారాళం. రాజు–రాణి మర్చిపోతారు, ఆటీను మూడు–రెండు మాత్రం గుర్తొస్తుంది. అందుకే ఓడించేవే ముందు లెక్కపెట్టాలి, ఎప్పుడూ.

తర్వాత మీ ముక్కలు చూసుకోండి. జాకీ ఇస్పేటు కాక ఆటీను అయి ఉంటే? అతని బ్లఫ్‌లలో ఆసు–జాకీ, రాణి–జాకీ, జాకీ–పది మూడూ ఎగిరిపోయాయి. మిగిలింది 15. గట్టు దాటి ఒక్క అంగుళం. చేతిలో ఆటీను ఉంటే చాలామందికి ధైర్యం వస్తుంది, "ఫ్లష్ నా దగ్గరా ఉండేది" అని. రావాల్సింది భయం. తప్పిపోయిన రంగు మీ చేతిలో ఉంటే అతని బ్లఫ్‌లే తగ్గుతాయి.

మొహం చూసి చెప్పేస్తామనేవాళ్లు ఉన్నారు. చెయ్యి వణికితే బ్లఫ్ అట. మా మావయ్యగారికి పెద్ద ముక్కలు పడితేనే చెయ్యి వణుకుతుంది, బ్లఫ్ చేసేటప్పుడు చుట్ట కూడా నిబ్బరంగా వెలిగిస్తారు. మొహం మనిషి మనిషికీ మారుతుంది, మిగిలిన రాజులు రెండే అన్నది మారదు. ఆ విద్య తెలిసినవాళ్లని వాళ్ల చాప మీద ఆడుకోనివ్వండి.

చెప్పడం, రాసుకోవడం

కాల్ అయితే "కాల్" అని చెప్పి పిక్కలు తోయండి. పడేస్తే బోర్లా పడేయండి. "ఏముందండీ?" అని అడగొద్దు, నిజం చెప్పరు.

వేసవిలో కాలువలు కట్టేశాక తోటలో మధ్యాహ్నాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. రివర్‌లో పెద్ద పందెం, కాల్ పడింది, తిప్పిన ముక్కలు ఇవి. అంతే రాయండి. మీరు పడేశాక అతను నవ్వుతూ తిప్పి చూపించే బ్లఫ్ మాత్రం రాయకండి. అది అతనికి నచ్చి చూపించింది. రాణి–జాకీ చూపించిన సాయంత్రమే ఎన్ని ఆసు–రాజులు బోర్లా పేకలో కలిపేశాడో మీకు కనపడదు. కాల్ పడి తప్పక తిప్పినవే పుస్తకంలోకి వెళ్లాలి.