పెరట్లో తేడా ఎక్కడ కొట్టింది? సాగర్‌నగర్ ఇంటి నుంచి సమస్యలు - పరిష్కారాలు

మా ఇల్లు విశాఖ సాగర్‌నగర్‌లో. మేడెక్కితే ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కంబాలకొండ. ఇంటి వెనక పదిహేను అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఖాళీ జాగా. ఎంవీపీ రైతుబజారు నుంచి రెండు సంచులు మోసుకొచ్చిన ఒక ఆదివారం మా ఆవిడ, "ఇవన్నీ మనమే పండించుకోలేమా?" అంది. మొదటి ఏడాది పండించినవి లెక్కపెడితే మూడు వంకాయలు. కొన్న మందు డబ్బాలు ఐదు.

తర్వాత శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి మా అమ్మ వచ్చి ఉంది. ఆవిడ మొక్క వాడితే ఆకు వైపు చూడదు, పార తీసి మొక్క మొదలు దగ్గర తవ్వుతుంది. "ఆకు మీద కనబడిందల్లా ఆకు జబ్బేటి నాన్నా?" అని నన్నే అడిగింది. ఆ ప్రశ్నతోనే మా డబ్బాల ఖర్చు తగ్గింది. కాబట్టి కింద రాసినవాటిలో మందు చివర్లో వస్తుంది, కొన్నిచోట్ల రానే రాదు.

లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా

మొక్క బతికే ఉంటుంది, ఎదగదు. పై ఆకులు నిమ్మపండు రంగుకి తిరుగుతాయి. మేం ఎరువు చాలలేదనుకుని యూరియా వేశాం. తప్పు. నత్రజని తక్కువైతే ముందు పసుపెక్కేది కింది ముదురు ఆకులు. పైన లేత ఆకులే పసుపెక్కి, ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదని అర్థం.

మట్టిలో ఇనుము లేక కాదు. అమ్మ అడుగు లోతు తవ్వేసరికి ఇటుక ముక్కలు, సున్నం పెళ్లలు, గట్టిపడిన సిమెంటు బయటపడ్డాయి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన చెత్తంతా పెరట్లో పరిచి, పైన నాలుగంగుళాల ఎర్రమట్టి కప్పారన్నమాట. సున్నం, సిమెంటు వల్ల మట్టిలో క్షారం పెరుగుతుంది. అప్పుడు ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. మీ పెరడు సంగతి తేల్చుకోవడం తేలికే: పొడి మట్టి గుప్పెడు తీసుకుని కాస్త వెనిగర్ పొయ్యండి. బుసబుసా పొంగితే సున్నం ఉన్నట్టే.

తాత్కాలికంగా లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారం, పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు చేస్తే కొత్త ఆకు పచ్చగా వస్తుంది. అసలు పని మాత్రం పారతోనే. మేం అడుగున్నర లోతు తవ్వి చెత్త ఎత్తించాం. రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) కలిపి, నేలకి తొమ్మిదంగుళాల ఎత్తులో మడులు కట్టాం. గెత్తం పచ్చిదైతే వేళ్లు మాడతాయి. చేతిలోకి తీసుకుంటే వేడి, వాసన లేకుండా టీపొడిలా రాలాలి.

ఆకుల అంచులు కాలినట్టు

దీనికి రెండు కారణాలు. అన్ని మొక్కలకూ సముద్రం వైపు ఆకులే మాడితే అది ఉప్పుగాలి. గాలి గట్టిగా వీచిన మర్నాడు పొద్దున్నే మంచినీళ్లతో ఆకులు కడగండి. ఆ పక్కన గ్రీన్ నెట్ గానీ, గుబురుగా పెరిగే మొక్కల వరస గానీ అడ్డం పెట్టండి. గోడ కడితే గాలి దాని మీదుగా దూకి లోపల సుడి తిరుగుతుంది. నెట్ అయితే గాలిని వడకడుతుంది.

మొక్క అంతటా మాడుతూ, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే ఉప్పు నీళ్లలోనే ఉంది. తీరం దగ్గర చాలా బోర్ల కథ ఇంతే. మా ఇంట్లో ఇంకో విషయం కూడా బయటపడింది. నీళ్లు వృథా కాకూడదని ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లన్నీ బకెట్లో పట్టి మొక్కలకే పోశాం. అది వడపోతలో మిగిలిన ఉప్పంతా చేరిన నీరు! పైగా మా మిషన్‌కి వచ్చేది బోరు నీరే. ఇప్పుడా నీళ్లతో వాకిలి కడుగుతున్నాం. ఏసీ నుంచి కారే నీటిలో ఉప్పు ఉండదు, అది మొక్కలకి పనికొస్తుంది.

పోగైన ఉప్పు పోవాలంటే కుండీ అడుగు చిల్లు నుంచి ధారగా కారేదాకా కుళాయి నీళ్లో వాన నీళ్లో పొయ్యండి. పదిహేను రోజులకోసారి చేస్తే చాలు. కొబ్బరి పొట్టు కొన్నా రెండు మూడుసార్లు కడిగాకే వాడండి, దానిలోనూ ఉప్పుంటుంది. బీచ్ ఇసుక సంగతి చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం వాడి, రాత్రికి తేరుకుని, వారానికి చచ్చిపోయే బెండ

ఒక మొక్క పీకి వేళ్లు కడిగి చూడండి. పూసలదండలా బుడిపెలు కనిపిస్తే అవి వేళ్లలో చేరే నులిపురుగులు (నెమటోడ్లు). ఆకు మీద ఎన్ని కొట్టినా వాటికి తగలదు. పోయిన మొక్కని వేళ్లతో సహా తీసి పారేయండి, కంపోస్టులో వేయకండి. ఆ మడిలో మళ్లీ బెండ, వంగ, టమాటా వద్దు. ఒక కాపు బంతి వేసి, దున్నేటప్పుడు వేపపిండి కలపండి. ఎండాకాలంలో మడిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి నెలా పదిహేను రోజులు వదిలేస్తే మట్టి ఉడికి చాలావరకు పోతాయి. వైజాగ్ మే నెల ఎండ అలాగైనా ఒక పనికొస్తుంది.

బెండ ఈనెలే పసుపెక్కితే మాత్రం అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. మందు లేదు. ఆ మొక్క పీకేసి, మిగతావాటి దగ్గర పసుపు జిగురు అట్టలు కట్టి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టండి.

టమాటా కాయ అడుగు నల్లబడితే

కాల్షియం లోపమని విని గుడ్డు పెంకులు వేశాం. పెంకు కరిగేలోపు కాపు అయిపోతుంది. మట్టిలో కాల్షియం ఉన్నా, ఒకరోజు ఎండగట్టి ఇంకోరోజు ముంచెత్తితే అది కాయదాకా చేరదు. ఆదివారాలు బిందెలకొద్దీ పోసి మిగతా రోజులు మర్చిపోయింది నేనే. ఇప్పుడు మా అబ్బాయి స్కూలుకెళ్లే ముందు రోజూ కొలిచినట్టు పోస్తాడు, మొదళ్లలో ఎండుటాకులు పరిచాం. నల్లబడిన కాయలు బాగుపడవు, కోసేయండి.

ఆనప (సొర) పూస్తుంది, పిందె రాలుతుంది

ముందు మగపువ్వులే వస్తాయి, కంగారొద్దు. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. అది పసుపెక్కి రాలితే పుప్పొడి అందలేదని. ఆనప, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఆ వేళకి మా వీధిలో తేనెటీగ కనిపించదు. మగపువ్వు కోసి, రేకులు తీసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. మా అమ్మాయి దీనికి "పెళ్లి చేయడం" అని పేరు పెట్టింది. గుమ్మడి, కాకరలకైతే ముహూర్తం పొద్దున్నే.

పందిరి మాత్రం తలెత్తు దాటనివ్వకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకి ఎందుకో చెప్పనక్కర్లేదు. తుపాను హెచ్చరిక వస్తే కుండీలు గోడ వారకి చేర్చి, తీగని పందిరితో సహా కిందికి దించేయండి.

వంగ కొమ్మ చివర వాలిపోతే

లోపల పురుగుంది. వాలినచోటికి అంగుళం కిందకి కత్తిరించి నలిపేయండి. కాయకి చిల్లు పడేదాకా ఆగకండి.

వానాకాలం రాత్రి నారు మాయం

నత్తలు. తడి గోనెసంచి కింద బొప్పాయి ఆకులు పెడితే తెల్లారేసరికి అక్కడే చేరతాయి. చేతికి కవరు తొడుక్కుని ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వేయండి. ఉప్పు నేరుగా మడి మీద చల్లితే నత్తతో పాటు మొక్కా పోతుంది.

తోటకూర ఒకేసారి అరవై కట్టలు

ఇది రెండో ఏడాది సమస్య. ప్యాకెట్ విత్తనమంతా ఒకే రోజు చల్లాం. నెల తిరక్కుండా అంతా కోతకొచ్చింది. వారం పాటు పప్పు, వేపుడు, పులుసు, మళ్లీ పప్పు. పిల్లలు అన్నం దగ్గర సమ్మె చేశారు. ఇప్పుడు మడిని మూడు భాగాలు చేసి పది రోజుల తేడాతో చల్లుతున్నాం. అయినా మిగిలితే కిందింటి అత్తయ్యగారికి ఇస్తాం, ఆవిడ బదులుగా గోంగూర పంపిస్తారు.