తప్పొప్పుల లెక్క – 4: హాఫ్ టికెట్ పంచాయితి

తప్పొప్పుల గురించి మనిషి ఆలోచించే తీరును మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ ఆరు దశలుగ, కిందికెల్లి పైకి మెట్ల లెక్క, కట్టిండు. పోయినసారి కథకు వచ్చిన జవాబులను ఆ దశలల్ల వేసి మీరు పంపినయి చదివిన. చానామంది ఒక్క దగ్గర్నే జారిన్రు. అందుకే ఇయ్యాల చెప్పాల్సిన పాఠం పక్కకు పెడుతున్న.

కథ గుర్తుంది గదా. హన్మకొండల కరీంనగర్ బస్సెక్కిన్రు తల్లీకొడుకులు. తల్లికి జీరో టికెట్టే, లొల్లంతా పిలగాని గురించి. వానికి పన్నెండు దాటినయి. తల్లేమో కండక్టరుతోని "పదకొండే" అన్నది. కొడుకు ఏం చెయ్యాలె?

"నిజం చెప్పాలె" అన్నోళ్లను మీరు పై దశల వేసిన్రు. "సప్పుడు చెయ్యద్దు" అన్నోళ్లను కిందికి నూకిన్రు. నాకు తిక్క లేసేది ఇక్కడ్నే. 1958ల షికాగోల కోల్‌బర్గ్ తన పీహెచ్‌డీ కోసం 10, 13, 16 ఏండ్ల మగపిల్లలను 72 మందిని ఇసొంటి చిక్కు కథలే అడిగిండు. హైంజ్ అనేటాయన పెండ్లాం సావుబతుకుల మీద ఉన్నది, మందుకు పైసలు సాలయి, హైంజ్ ఆ మందు దొంగతనం చెయ్యాల్నా వద్దా? కోల్‌బర్గ్ దశ కట్టింది అవును, కాదుల మీద కాదు. పిల్లగాడు చెప్పిన కారణం మీద.

"నిజం చెప్పాలె" అన్న ఒక్క జవాబే తీసుకోండి. "చెకింగోళ్లు ఎక్కితే ఫైనేస్తరు": 1వ దశ. "నిజం చెప్తే అమ్మ రేపు నన్ను నమ్మి పైసలిస్తది": 2. "అబద్ధాలాడే పిలగాడంటరు": 3. "ఎవరికి వాళ్లు రూల్ మార్చుకుంటే బస్సులెట్ల నడుస్తయి?": 4. ఇగ "దేవుడు కండ్లు తీస్తడు" అన్న పోరిని ఒకరు ఏకంగా 6ల వేసిన్రు, దేవుని పేరున్నదని! దేవుడైనా చెకింగాయనైనా, దెబ్బకు భయపడితే అది 1వ దశనే. నేను "పాపం" అన్న మాట వినంగనే "పాపమైతే ఏమైతది?" అని అడుగుత. "ఎవ్వలకు తెల్వదనుకో, అప్పుడో?" అని ఇంకోటి. జవాబు మారిందా, భయం బయటపడ్డట్టే.

"అందరి ముందు అమ్మ ఇజ్జత్ పోతది, సప్పుడు చెయ్య" అన్నది 3వ దశకు పోతది. రూల్ కంటే అది తక్కువెట్లయితదని ఒక టీచరమ్మ అడిగింది. 1982ల కెరోల్ గిలిగన్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త అన్నది గూడ దగ్గరదగ్గర అదే: మగపిల్లల మాటలతోని కట్టిన మెట్లల్ల, అనుబంధం చూసి ఆలోచించేటోళ్లు కిందికి పడుతున్రని. ఈ పంచాయితిల నేను గిలిగన్ దిక్కే. పరీక్షల మాత్రం 3 అనే రాయండి.

6వ దశ కోసం దేవులాడకండి. సరిపడ జవాబులు దొరకక కోల్‌బర్గే తర్వాత దాన్ని లెక్కల్నుంచి తీసేసిండు. ఈ దశలను రెండేసి కలిపిన మూడు స్థాయిల పేర్లు టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) గైడుల ఉన్నయి.

అభ్యాసం: ఇదే కథ ఆరేండ్ల పిల్లకు, ఎనిమిదో తరగతి పిలగానికి, అరవై దాటినోళ్లకు ఒకరికి చెప్పండి. "ఎందుకు?" అని కనీసం మూడుసార్లు అడగండి. కారణాలు మాత్రమే వాళ్ల మాటల్లనే చిట్టీల మీద రాయండి. వయసు, అవును, కాదు ఏదీ వద్దు. చిట్టీలు కలిపి, ఈ పాఠం చదివిన ఇంకొకరితోని దశలు వేయించండి. మీ లెక్కకు, వాళ్ల లెక్కకు తేడా వచ్చిన చిట్టీలే నాకు పంపండి, మిగిలినయి వద్దు.