కర్నూల్లో సూప్, ఫ్రైడ్ రైస్ బాగుండే చైనీస్ హోటల్‌ను పట్టుకోవడం ఎలా

సాయంత్రం ఏడు దాటాక రాజ్‌విహార్ సెంటర్ నుంచి బళ్ళారి చౌరస్తా వైపు వెళ్ళినా, సి.క్యాంప్ వైపు తిరిగినా, 'చైనీస్' అని రాయని బోర్డు వెతికితే గానీ కనపడదు. బిర్యానీ హోటల్లోనూ చైనీసే, దాబాలోనూ చైనీసే, రోడ్డు పక్క బండి మీదా చైనీసే. మెనూలో నలభై పేర్లుంటాయి. వెనక వంటగదిలో మాత్రం సోయా సాస్, చిల్లీ సాస్, వెనిగర్, కార్న్‌ఫ్లోర్, ఈ నాలుగే అటూ ఇటూ మారుతుంటాయి. కాబట్టి బోర్డునూ మెనూనూ నమ్ముకుని లాభం లేదు.

కొత్త చోటికి మొదటిసారి వెళ్తే మంచూరియా, చిల్లీ చికెన్, షెజ్వాన్ జోలికి పోకండి. వాటిలో సాస్ ఘాటు ఎంత చెడ్డ వంటనైనా కప్పేస్తుంది. ఒక క్లియర్ సూప్, ఒక ఎగ్ ఫ్రైడ్ రైస్ చెప్పండి. గుడ్డు తినని వాళ్ళయితే ప్లెయిన్ వెజ్ ఫ్రైడ్ రైస్. ఈ రెండింటిలో దాచుకోవడానికి ఏమీ ఉండదు. సూప్‌లో స్టాక్ ఉందో లేదో, అన్నం ఎప్పటిదో, మాస్టర్ చెయ్యి ఎలాంటిదో పావుగంటలో తేలిపోతుంది.

కూర్చునే ముందు

చైనీస్‌కు వేరే పొయ్యి, వేరే మాస్టర్ ఉన్నారా అని చూడండి. చాలాచోట్ల పొయ్యి ముందువైపే, రోడ్డు మీదికే ఉంటుంది. ఒక నిమిషం నిలబడితే చాలు. హై ప్రెషర్ బర్నర్ బుస్సుమని మోగుతుంది, మంట కడాయి అంచు దాకా లేస్తుంది, గరిటె చప్పుడు ఆగకుండా వినిపిస్తుంది. అలా ఒక ప్లేటు మూడు నాలుగు నిమిషాల్లో దిగాలి. బిర్యానీ హండీ దించిన మామూలు పొయ్యి మీదే ఫ్రైడ్ రైస్ కూడా వేయిస్తున్నారంటే, అక్కడ దొరికేది సోయా సాస్ కలిపిన వేడి అన్నమే.

ఒక వాయికి ఎన్ని ప్లేట్లు వేస్తున్నారో కూడా లెక్కపెట్టండి. రెండు, మూడైతే ఫరవాలేదు. ఆరు, ఏడు ప్లేట్ల అన్నం ఒకేసారి గుమ్మరిస్తే కడాయి వేడి పడిపోతుంది. అన్నంలో తేమ ఆవిరైపోయే దారి లేక మెతుకులు వేగకుండా ఉడుకుతాయి, ముద్దవుతాయి. రద్దీ రోజుల్లో మంచి హోటళ్ళు కూడా ఈ పని చేస్తాయి. ఆదివారం రాత్రి తొమ్మిదికి వెళ్ళి ఒక హోటల్ మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. వారం మధ్యలో ఏడున్నర, ఎనిమిది మధ్య వెళ్ళండి.

ప్లేటుకూ ప్లేటుకూ మధ్య కడాయిలో నీళ్ళు పోసి, రుద్ది, పారబోసి, మళ్ళీ కాల్చి నూనె వేస్తున్నారా? లేకపోతే ముందు ప్లేటు మాడు తర్వాతి అన్నంలో నల్లటి నలుసులుగా వస్తుంది. శాకాహారులకు ఇంకో చిక్కు. చికెన్ వేయించిన కడాయిలోనే వాళ్ళ ప్లేటూ వేగుతుంది. మొహమాటం లేకుండా అడగండి.

సూప్

క్లియర్ సూప్ గిన్నె అడుగు కనపడాలి. చికెన్ స్టాక్ అంటే కిలో ఎముకలకు మూడు లీటర్ల నీళ్ళు, అల్లం, ఉల్లికాడలు వేసి సన్నటి సెగ మీద రెండు మూడు గంటలు కాచేది. పైన తేలే నురుగు తీస్తూ ఉండాలి. తొందరపడి తెర్లించేస్తే కొవ్వూ నురుగూ కలిసిపోయి సూప్ తెల్లగా మసకబారుతుంది. వెజ్ స్టాక్‌కు క్యాబేజీ కాడలు, క్యారెట్, కొత్తిమీర కాడలు వేసి అరగంట, నలభై నిమిషాలు మరిగిస్తే సరిపోతుంది. అంతకు మించితే క్యాబేజీ వాసన కొడుతుంది. చాలా వంటగదుల్లో ఉండేది ఒకే స్టాక్ గిన్నె, అదీ చికెన్‌ది. 'వెజ్ సూప్‌కు స్టాక్ వేరేనా, నీళ్ళతో చేస్తారా?' అని అడిగితే జవాబుకు ముందు తడబాటులోనే సంగతి తెలుస్తుంది.

అసలు పరీక్ష ఇంకొకటుంది. సూప్ చెప్పేటప్పుడే 'టేస్టింగ్ సాల్ట్ వేయకండి' అనండి. టేస్టింగ్ సాల్ట్ విషమేమీ కాదు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు రసంలోంచి ఆ రుచిని వేరుచేసి చూపించాడు, అదే అజినొమోటో అయింది. చిటికెడు పడితే తప్పు లేదు. అయితే స్టాకే లేని చోట వేడినీళ్ళకు రుచి తెచ్చేది ఇదొక్కటే. అది తీసేయమంటే గిన్నెలో ఉప్పూ మిరియాలూ మిగులుతాయి. స్టాక్ ఉన్న సూప్ అది లేకుండా కూడా నిలబడుతుంది, పైన సన్నటి కొవ్వు చుక్కలు కనిపిస్తాయి, నాలుగు చెంచాలయ్యాక పెదాలు కాస్త అంటుకున్నట్టు ఉంటాయి.

స్వీట్ కార్న్ సూప్‌లో చూడాల్సింది చిక్కదనం. 200 మిల్లీలీటర్ల గిన్నెకు ఒకటిన్నర టీస్పూన్ల కార్న్‌ఫ్లోర్ చాలు. చెంచా ముంచి వంచితే పల్చటి పొరలా జారాలి, బంకలా వేలాడకూడదు. చిక్కదనం పిండిది కాక మొక్కజొన్న గింజలదై ఉండాలి, అంటే సగం గింజలు నలిపి వేసి ఉండాలి. లోపల ఉండలు తగిలితే పిండిని చన్నీళ్ళలో సరిగ్గా కలపకుండానో, కలియబెట్టకుండానో పోశారని అర్థం. పచ్చిపిండి వాసన వస్తే పిండి నీళ్ళు పోశాక మరగనివ్వలేదు. గిన్నెలో పైకి నీళ్ళు తేలి అడుగున జావ మిగిలితే అది చాలావరకు ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చేసిన సూపే. చల్లబడిన కార్న్‌ఫ్లోర్ పట్టుకున్న నీటిని వదిలేస్తుంది. గుడ్డు పట్టుదారాల్లా ఉండాలి. సూప్ చిక్కబడక ముందే గుడ్డు పోస్తే నురుగులా విరిగిపోతుంది, కలపకుండా ఒకేచోట పోస్తే ఆమ్లెట్ ముక్కలవుతుంది.

హాట్ అండ్ సోర్‌లో కారం మిరియాలది, పులుపు వెనిగర్‌ది. గిన్నెకు అర టీస్పూన్ మిరియాల పొడి, ఒక టీస్పూన్ వెనిగర్. వెనిగర్ దించే ముందు పడాలి. ముందే పోసి మరిగిస్తే వాసన ఎగిరిపోతుంది, పైగా పులుపుతో కలిసి ఎక్కువసేపు మరిగితే కార్న్‌ఫ్లోర్ పట్టు సడలి సూప్ పల్చనవుతుంది. మన సీమలో కారం లేనిదే నోటికి ఎక్కదని కొందరు మాస్టర్లు ఎర్రకారం కూడా దట్టిస్తారు. అప్పుడది వెనిగర్ పోసిన రసమే. రసం తాగాలనిపిస్తే ఇంట్లో చారు ఉంది కదా.

మంచౌ సూప్‌కు ఒకటే చూపు చాలు: కరకర నూడుల్స్ వేరే గిన్నెలో వస్తున్నాయా, లేదా వడ్డించే క్షణంలో పైన చల్లుతున్నారా? మెత్తబడి మునిగిపోయి వచ్చాయంటే గిన్నె కౌంటర్ మీద చాలాసేపు ఎదురుచూసింది. ఆ నూడుల్స్ ఒకటి విడిగా నమిలి చూడండి. పాత నూనె కంపు కొడితే, అదే నూనెలో మంచూరియా కూడా వేగుతుందని గుర్తు.

వన్ బై టూ చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు. ఇద్దరు రెండు రకాల సూపులు చెప్పి, రెంటినీ వన్ బై టూ చేయించుకుంటే ఒకే ఖర్చులో రెండు పరీక్షలు.

ఫ్రైడ్ రైస్

కర్నూలు సోనాకు పేరొచ్చింది కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింది పొలాల నుంచి. సన్నగా, మెత్తగా ఉండి పప్పునూ రసాన్నీ పీల్చుకునే బియ్యం అది. ఫ్రైడ్ రైస్‌కు ఆ మెత్తదనమే శత్రువు. అలాగని బాస్మతే కావాలనేం లేదు. బాస్మతి సువాసన సోయాతో పొసగదు, పొడుగు మెతుకు గరిటె దెబ్బలకు విరుగుతుంది. పాత సోనా తెచ్చి, పలుకు మిగిలేలా ఉడికించి, గంజి వార్చి, వెడల్పు ట్రేలో పల్చగా పరిచి ఆరబెడితే దాన్ని మించిన ఫ్రైడ్ రైస్ ఇక్కడ రాదు. కొత్త బియ్యమైతే ఎంత తిప్పలు పడ్డా జిగురే. ఆరిన అన్నమే ఎందుకంటే, చల్లబడే కొద్దీ మెతుకులోని పిండి గట్టిపడి పైతడి ఆరుతుంది. అందుకే కడాయిలో మెతుకు విడివిడిగా వేగుతుంది.

ప్లేటు వచ్చాక ముందు వాసన చూడండి. యాలకులో బిర్యానీ ఆకో తగిలితే, అక్కడక్కడా పసుపుపచ్చ మెతుకులు కనిపిస్తే, మధ్యాహ్నం మిగిలిన బిర్యానీ అన్నానికి సోయా స్నానం చేయించారన్నమాట. బిర్యానీ హోటళ్ళలో చైనీస్ తినేటప్పుడు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

తర్వాత రంగు. ప్లేటు అంతా ఒకేలా ముదురు గోధుమరంగులో ఉంటే సోయా ఎక్కువైంది, ఉప్పుతో పాటు చేదు కూడా వస్తుంది. ఒకచోట నల్లగా, ఒకచోట తెల్లగా మచ్చలుంటే సాస్‌ను తొందరలో అన్నం మీద పోసేశారు. ఒక్క ప్లేటుకు ఒకటి, రెండు టీస్పూన్ల సోయా, అదీ కాలిన కడాయి అంచు మీద పోస్తే సుయ్‌మని కాలి ఆ వాసన అన్నానికి పడుతుంది. లేత గోధుమ రంగులో తెల్ల మెతుకులు కనిపిస్తూ ఉండటమే సరైన తీరు. ఎర్రగా వచ్చిందా, కారం పొడి వేశారు. ఆ మంట మీద కారం పొడి క్షణంలో మాడి గొంతు పడుతుంది. మీకు కారం కావాలంటే సన్నగా తరిగిన పచ్చిమిర్చి వేయమనండి, వెనిగర్‌లో ఊరిన మిర్చి పక్కన అడగండి.

గుడ్డు పసుపు ముక్కలుగా విడిగా కనపడాలి. క్యారెట్, బీన్స్ సన్నగా ఒకే సైజులో ఉండి కాస్త కరకరలాడాలి. ఉల్లికాడలు పచ్చగానే ఉండాలి, ఎందుకంటే అవి చివర్లో పడాల్సినవి. తిన్నాక ప్లేటు వంచి చూడండి. అడుగున చెంచాడు నూనె మిగిలితే సరే, మడుగు కట్టిందంటే అంటుకునే అన్నాన్ని నూనెతో విడదీశారు. మూడు వందల గ్రాముల అన్నానికి రెండు టేబుల్ స్పూన్లు దాటనక్కర్లేదు.

అన్నం ఎప్పటిది?

ఇది రుచి సంగతి కాదు, ఒంటి సంగతి. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తులు బతికే ఉంటాయి. అన్నం బయట గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరిగి, ఒక విషాన్ని తయారుచేస్తాయి. ఎంత మంట మీద వేయించినా ఆ విషం పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. కర్నూల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో, తడిగుడ్డ కప్పి బండి మీద పెట్టిన టబ్బు ఆ బ్యాక్టీరియాకు పండగే. వాసన లేదు కదా అని ధైర్యపడటానికి లేదు, వాసన రాకముందే విషం ఉండొచ్చు.

వండిన రెండు గంటల్లోపు ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. అందుకే 'అన్నం ఎన్ని గంటలకు వండారు?' అని నేరుగా అడగండి. 'ఐదింటికి' అని ఠక్కున చెప్పి, ట్రేలు చూపించే బండి, చెప్పకుండా నవ్వేసే ఏసీ హోటల్ కన్నా మేలు. ఎండాకాలంలో రాత్రి పదిన్నర తర్వాత బండి మీద ఫ్రైడ్ రైస్ మానుకోవడమే మంచిది.

రంగు గురించి ఒక మాట. 2024 మార్చిలో పక్కనున్న కర్ణాటక గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించింది. మన వైపు మంచూరియా, చికెన్ 65 మీద అనుమానం వస్తే ఒక ముక్కను గ్లాసు మంచినీళ్ళలో వేయండి. మిరపకాయ ఎరుపు నూనెలో కరుగుతుంది, నీటిలో కరగదు. నీళ్ళే వెంటనే ఎర్రగా, నారింజగా మారితే అది డబ్బా రంగు. అలాంటి వంటగదిలో సూప్ కూడా తాగొద్దు. బిల్లు మీద పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉందేమో కూడా చూడండి, 2022 జనవరి 1 నుంచి అది ఉండి తీరాలి.

పార్శిల్ అయితే

ఫ్రైడ్ రైస్ మూత పెట్టిన డబ్బాలో పది నిమిషాల్లో చెమటపట్టి ముద్దవుతుంది. ఇల్లు దూరమైతే మూత కాస్త వదులుగా పెట్టమనండి. సలసల కాగే సూప్‌ను ప్లాస్టిక్ కవర్లో పోయించుకోకండి, స్టీలు క్యారియర్ తీసుకెళ్ళండి. మంచౌ నూడుల్స్ విడిగా కట్టించుకోండి. నలుగురికి 'ఫ్యామిలీ ప్యాక్' బదులు రెండు ఫుల్ ప్లేట్లు విడివిడిగా వేయించమనండి, ముందు చెప్పిన కడాయి వేడి సంగతే. మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టలేకపోతే పొద్దున్నకు దాచకండి.

ఇన్ని చూసి ఒక చోటు కుదిరాక, రెండోసారి వెళ్ళినప్పుడు నిశ్చింతగా మంచూరియా చెప్పుకోండి. అయితే చైనీస్ పొయ్యి దగ్గర మాస్టర్లు తరచూ మారుతుంటారు. బోర్డు అదే, మెనూ అదే, చెయ్యి వేరు. ఒకరోజు ఫ్రైడ్ రైస్ ఉన్నట్టుండి నల్లగా వచ్చిందంటే, పొయ్యి దగ్గరికి ఒకసారి తొంగిచూడండి. కొత్త మొహం కనిపిస్తే మళ్ళీ క్లియర్ సూప్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.