ఇంట్లో కాస్మిక్ కిరణాలను లెక్కించడం ఎలా? రెండు గైగర్ ట్యూబులతో మ్యూయాన్ టెలిస్కోప్

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో రేడియేషన్‌ను లెక్కించే గైగర్ కౌంటర్ ఆన్ చేస్తే వెంటనే టిక్కుటిక్కుమంటుంది. ఆ చప్పుళ్లన్నీ ఆకాశం నుంచి వచ్చినవని అనుకోవద్దు. నేలలో, గోడల్లో, గ్రానైట్ బండల్లో ఉండే పొటాషియం-40, యురేనియం, థోరియం నుంచి వెలువడే గామా కిరణాల వాటా అందులో పెద్దది. కరీంనగర్ టాన్ బ్రౌన్ రాయికి ఆ గోధుమ రంగునిచ్చే ఫెల్డ్‌స్పార్‌లోనే పొటాషియం దండిగా ఉంటుంది. కాబట్టి మన ప్రాంతంలో కౌంటర్‌లోని ఒక్క ట్యూబు చెప్పే అంకెను కాస్మిక్ కిరణాల (అంతరిక్షం నుంచి వచ్చే కణాల) లెక్కగా తీసుకోవడం తప్పు.

దీనికి విరుగుడు 1929లోనే దొరికింది. జర్మన్ భౌతిక శాస్త్రవేత్తలు వాల్టర్ బోథే, వెర్నర్ కోల్‌హోర్‌స్టర్ రెండు ట్యూబులను ఒకదానిపై ఒకటి పెట్టి, రెండూ ఒకేసారి స్పందించినప్పుడే లెక్కపెట్టారు. రాతి నుంచి వచ్చే గామా సాధారణంగా ఒక ట్యూబునే కదిలిస్తుంది. మ్యూయాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే కానీ దానికంటే చాలా బరువైన కణం) మాత్రం రెండింటినీ చీల్చుకుంటూ పోతుంది. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు 15–20 కిలోమీటర్ల ఎత్తున గాలి అణువులను ఢీకొన్నప్పుడు పుట్టే విద్యుదావేశ కణాల్లో మ్యూయాన్లే నేల దాకా ఎక్కువగా చేరేవి. పరిచి ఉంచిన చదరపు సెంటీమీటరు మీద నిమిషానికి సుమారు ఒకటి పడుతుంది.

కావలసినవి

ఎస్‌బీఎం-20 రకం గైగర్ ట్యూబులు రెండు, ఒక్కోదానికి 400 వోల్టులిచ్చే గైగర్ బోర్డు ఒకటి చొప్పున రెండు, ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు ఆర్డునో ఊనో ఒకటి, లెక్కలు దాచడానికి ఎస్‌డీ కార్డు మాడ్యూల్. వెల్డింగ్ షాపులో 12 × 5 సెంటీమీటర్ల కొలతతో 5 మిల్లీమీటర్ల మందం ఇనుప ముక్క ఒకటి కోయించుకోండి. చవక బోర్డులతో పాటు వచ్చే గాజు ట్యూబులూ పనిచేస్తాయి. కాకపోతే వాటికి వెలుతురు తగిలితే దొంగ లెక్కలు వస్తాయి, నల్ల టేపు చుట్టాలి.

1. వోల్టేజీ సరిచూడటం

చాలామంది ఇక్కడే తికమకపడతారు. మల్టీమీటర్‌ను నేరుగా పెడితే 400 ఉండాల్సిన చోట 150, 200 అని చూపిస్తుంది. బోర్డు చెడిపోయిందనుకుని ప్రీసెట్ (వోల్టేజీ మార్చే స్క్రూ) తిప్పితే ట్యూబు పాడవుతుంది. అసలు సంగతేమిటంటే, మీటరులోని 10 మెగాఓమ్‌ల నిరోధమే ఆ బలహీనమైన సప్లయిని కిందికి లాగేస్తుంది. 100 మెగాఓమ్ రెసిస్టర్లు పదింటిని వరుసగా కలిపి, వాటి గుండా కొలిచి, వచ్చిన అంకెను 101తో గుణించండి. 3.96 వోల్టులు చూపిస్తే అసలు వోల్టేజీ 400.

ట్యూబు కొనల మీద టంకం పెట్టొద్దు, వేడికి సీలు పగులుతుంది. ఫ్యూజు క్లిప్పుల్లో బిగించండి. సుమారు 5 మెగాఓమ్‌ల ఆనోడ్ రెసిస్టర్ ట్యూబుకు ఆనుకునే ఉండాలి. ఆపేశాక కూడా కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత విద్యుత్ మిగిలి ఉంటుంది, డిశ్చార్జ్ చేశాకే చేయి పెట్టండి.

2. అమరిక

రెండు ట్యూబులను సమాంతరంగా, ఒకదానిపై ఒకటి, మధ్య నుంచి మధ్యకు 5 సెంటీమీటర్ల దూరంలో బిగించండి. వాటి నడుమ ఇనుప ముక్క ఉంచండి. అది ఎందుకంటే, గామా కిరణం ట్యూబు గోడలోంచి ఎలక్ట్రాన్‌ను తన్ని బయటికి పంపుతుంది. గోడ పల్చన కాబట్టి ఆ ఎలక్ట్రాన్ రెండో ట్యూబులోకీ దూరి మ్యూయాన్‌లా నటించగలదు. 5 మిల్లీమీటర్ల ఇనుము దాన్ని ఆపేస్తుంది. మ్యూయాన్‌కు అది అడ్డే కాదు.

ఎండలో డాబా మీద పెట్టాల్సిన పనిలేదు. 15 సెంటీమీటర్ల స్లాబు దాటడానికి మ్యూయాన్ ఖర్చుచేసేది 70 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా, నేల చేరేవాటి సగటు శక్తి 4 బిలియన్లు. గదిలోనే పెట్టండి.

3. ప్రోగ్రాం

ట్యూబుల సంకేతాలను ఆర్డునో 2, 3 పిన్నులకు ఇచ్చి ఇంటరప్ట్ (పల్స్ రాగానే మిగతా పని ఆపి దాన్ని అందుకునే పద్ధతి) వాడండి. ఒక్కో పల్స్ వచ్చినప్పుడు మైక్రోసెకన్లలో సమయం రాసుకుని, రెండో ట్యూబు చివరి పల్స్‌తో తేడా 100 మైక్రోసెకన్ల లోపైతే ఒక జంటగా లెక్కించాలి. అదే ట్యూబు నుంచి 200 మైక్రోసెకన్లలోపు మళ్లీ వచ్చేదాన్ని వదిలేయండి.

ఆ 100 అనే హద్దు చాలా ముఖ్యం. సంబంధం లేని రెండు గామాలు కాకతాళీయంగా కలిసే రేటు, రెండు ట్యూబుల సెకను లెక్కలనూ హద్దు సమయాన్నీ గుణించి రెట్టింపు చేస్తే వస్తుంది. ఒక్కో ట్యూబు నిమిషానికి 30 కొడుతుంటే, 100 మైక్రోసెకన్లకు రోజుకు నాలుగే దొంగ జంటలు. హద్దు 10 మిల్లీసెకన్లయితే గంటకు 18! ఇంటరప్ట్ లేకుండా లూపులో ఆగి ఆగి చూసే ప్రోగ్రాములు సరిగ్గా ఇలాగే చెడతాయి. ఎస్‌డీ కార్డుకు రాసే పని కూడా ఇంటరప్ట్ లోపల పెట్టొద్దు.

4. నమ్మే ముందు పరీక్ష

పై అమరికలో గంటకు 30–40 జంటలు రావాలి. వందల్లో వస్తుంటే సంబరపడొద్దు. ట్యూబులను ఒకే ఎత్తులో మీటరు దూరం జరపండి. జంటలు దాదాపు ఆగిపోవాలి. ఆగకపోతే ఒక బోర్డు పల్స్ కరెంటు తీగల ద్వారా రెండోదానిలోకి పాకుతోందన్నమాట. ఒక్కో బోర్డు దగ్గర 100 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెట్టి, ఎర్త్ చేసిన అల్యూమినియం ఫాయిల్ చుట్టండి.

ఊళ్లలో ఇంకో పెద్ద శత్రువు బోరు మోటరు స్టార్టర్. అది పడినప్పుడల్లా రెండు ట్యూబులూ ఒకేసారి మోగినట్టు కనిపిస్తుంది. పిడుగుల వానలోనూ అంతే. గోడ ప్లగ్గు మానేసి పవర్ బ్యాంకు వాడితే చాలావరకు పోతుంది. తక్కువ లోడుకు పవర్ బ్యాంకు దానంతటదే ఆగిపోతుంటే 5 వోల్టుల మీద 47 ఓమ్‌ల 1 వాట్ రెసిస్టర్ కలపండి.

తరువాత రెండు ప్రయోగాలు తప్పక చేయండి. అమరిక పక్కన గ్రానైట్ ముక్కలు పేర్చండి: ఒక్కో ట్యూబు విడి లెక్కలు పెరగాలి, జంటలు పెరగకూడదు. తొలకరి వాన కురిసిన అరగంటలో కూడా ఇదే కనిపిస్తుంది, గాలిలోని రేడియోధార్మిక రేడాన్ వాయువు విచ్ఛిన్నమై ఏర్పడే అణువులను వాన కిందికి దించుతుంది కాబట్టి. రెండోది, అమరికను 45 డిగ్రీలు వాల్చడం. మ్యూయాన్ల రాక నిట్టనిలువు నుంచి కొలిచే కోణపు కొసైన్ వర్గాన్ని అనుసరిస్తుంది, కాబట్టి జంటలు సుమారు సగానికి పడాలి. 100 లెక్కలకు పొరపాటు 10 శాతం, 400కు 5 శాతం. అంటే ఒక్కో కోణానికి పది గంటలైనా ఇవ్వాలి. ఒక్క గంట చూసి తీర్పు చెప్పొద్దు.

ఆకాశపు గామా కిరణాల మాటేమిటి?

ఈ పెట్టెతో అవి దొరకవు. అధిక శక్తి గామా పైగాలిలోనే కణాల జల్లుగా మారిపోతుంది. ఆ జల్లు వెదజల్లే చెరెన్‌కోవ్ కాంతి (అతి వేగపు కణాలు గాలిలో పుట్టించే నీలి వెలుగు) కొన్ని నానోసెకన్లే ఉంటుంది, దాన్ని చీకటి రాత్రుల్లో పెద్ద అద్దాలతో పట్టాలి. లద్దాఖ్‌లోని హాన్లేలో 4,270 మీటర్ల ఎత్తున ఉన్న 21 మీటర్ల మేస్ టెలిస్కోప్ చేసేది ఆ పనే. దాని నిర్మాణంలో మన హైదరాబాద్ ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ చేయి ఉంది. కాస్మిక్ కిరణాల జల్లుల కోసం ఊటీలోని గ్రేప్స్-3 పరిశోధన కేంద్రంలో చదరపు మీటరు వైశాల్యం ఉన్న సింటిలేటర్లను (కణం తగిలితే మెరిసే పలకలను) 8 మీటర్ల ఎడంతో సుమారు 400 దాకా పరిచారు. మన ట్యూబు వైశాల్యం పది చదరపు సెంటీమీటర్లు కూడా లేదు. కాబట్టి జల్లులను పట్టాలనుకునే కళాశాలలు ట్యూబుల సంఖ్య పెంచే బదులు నేరుగా సింటిలేటర్ పలకలకు వెళ్లడమే మంచిది.